తూర్పు పక్క మన్ను

మా వైపు రైతులు ఒకప్పుడు చచ్చిపోయిన ఊళ్ళను బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవాళ్ళు. మాటవరసకు అంటున్నది కాదు. వందల ఏళ్ళ కిందటో వేల ఏళ్ళ కిందటో మనుషులుండి, వండుకుని తిని, పశువులను కట్టేసుకుని, చివరికి ఏ కారణానో విడిచిపెట్టి పోయిన చోటు మెల్లగా దిబ్బ అవుతుంది. మట్టిగోడలు, పొయ్యి బూడిద, పేడ, ఎముకలు, పగిలిన కుండలు అన్నీ కలిసి బూడిద రంగు మన్నుగా మారతాయి. దాన్ని పాటిమన్ను అంటారు. ఆ మన్ను వేసిన మడిలో పైరు నల్లగా లేస్తుంది. ఎరువుల బస్తాలు రాని కాలంలో రైతులకు అదే ఎరువు. ఎండాకాలం కోతలయ్యాక బండ్లు కట్టి దిబ్బ మీదికి పోయి, తవ్వుకుని, తెచ్చి పొలంలో కుప్పలు పోసి చల్లేవాళ్ళు. దిబ్బ ఎవరిదీ కాదు కనుక అందరిదీ.

తొంభైల చివర్లో నేను మదనపల్లెలో ఒక దినపత్రికకు విలేకరిని. యార్డులో టమోటా ధర పడిపోతే వార్త, పెరిగితే వార్త. పట్టుగూళ్ళ రేటు, తాగునీళ్ళ గొడవ, మలుపులో లారీ బోల్తా. సాయంత్రం కాగితాలన్నీ కవరులో పెట్టి బస్సు డ్రైవరుకిస్తే అవి ఆఫీసుకు చేరేవి. ఆ రోజుల్లో పుంగనూరుకూ సదుంకూ మధ్య ఒక పల్లె దగ్గర పాటిదిబ్బను ఎవరో తవ్వుతున్నారని తెలిసింది. ఆఫీసుకు ఫోన్ చేసి చెబితే డెస్కులో ఉన్నాయన, "పుర్రె ఉందా, బంగారం ఉందా?" అని అడిగాడు. తెలియదన్నాను. "ఏదో ఒకటి దొరికినాక ఫొటో పంపు" అని పెట్టేశాడు.

నేను పోయేటప్పటికి దిబ్బ సగం కూడా మిగల్లేదు. నున్నటి బండగుట్ట ఒకటి, దాని పాదం దగ్గర పెద్ద పశువు పడుకున్నట్టు బూడిద రంగు మిట్ట. ఆ పశువు పక్కటెముకలను ఎవరో కొరుక్కు తిన్నట్టు అన్ని వైపులా గుంతలు. పైన చదరంగా దారాలు కట్టి నాలుగు మూలలా మేకులు కొట్టి ఉన్నాయి. తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒకాయన గుంతలో గొంతుక్కూర్చుని తాపీతో నేలను గీకుతున్నాడు. కుప్పంలో చరిత్ర చెప్పే అధ్యాపకుడాయన. సెలవులు రాగానే పుంగనూరులో బస్సు దిగి, పల్లె బడిలో ఒక గది అడిగి పుచ్చుకుని, ఊరి ఆడవాళ్ళను కూలికి పెట్టుకుని తవ్వించేవాడు. పల్లెలో అందరికీ ఆయన సారు.

"ఎవరప్పా నువ్వు? యాడ నుంచి?" అని జల్లెడ పట్టే ఆడమనిషి ఒకామె నన్నడిగింది.

పేపరు నుంచి అన్నాను.

"అయితే బాగా రాయప్పా. మా సారుకు ఇంట్లో కుండలు లేవంట, ఈడకొచ్చి ఏరుకుంటాండాడని రాయి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సారు తలెత్తకుండానే, "ఉన్నవన్నీ మా ఆవిడ పగలగొట్టింది" అన్నాడు. ఇంకా నవ్వారు.

రోడ్డు పక్కన టమోటా మడిలో నడిచి వచ్చేటప్పుడు నాకు ఒక పెంకు దొరికింది. లోపల నలుపు, బయట ఎరుపు, అరచేతిలో నున్నగా ఉంది. ఏదో సాధించినవాడిలా దాన్ని ఆయన చేతిలో పెట్టాను. తిప్పి చూసి మళ్ళీ నాకే ఇచ్చాడు.

"పొలంలో దొరికింది కదా. నాకు పనికిరాదు."

"పాతది కాదా?"

"చాలా పాతది. కానీ పాటిమన్నుతో పాటు బండెక్కి వచ్చేసింది. ఎంత పాతదో చెప్పగలను. దేని మీద ఉండిందో, దేని కింద ఉండిందో, పక్కన ఏముండిందో చెప్పలేను. పొరలో ఉన్నంతసేపే అది సాక్ష్యం. పొర నుంచి బయటపడితే ఒట్టి పెంకు."

గుంత గట్టున కూర్చుని వక్కాకు నములుతున్న ఒక రైతు ఆ మాట విని ఊరుకోలేకపోయాడు. ఆ టమోటా మడి అతనిదే. "అట్లంటే ఎట్ల సారూ? ఆ పెంకుల మడిలో కాసిన కాయ మదనపల్లె యార్డులో పెట్టినామంటే వ్యాపారస్తులు కొట్లాడుకుంటారు. మీకు పనికిరాకపోతే మాకు పనికొస్తాది."

"నీకు పనికొచ్చిందాని వల్లే కదయ్యా నాకు పని లేకుండా పోయింది" అన్నాడు సారు. కోపం లేదు. అలా ఒకరినొకరు అనుకోవడం వాళ్ళకు రోజూ ఉన్నట్టుంది.

ఆ రోజు సారు నాకు పొరలు చూపించాడు. గుంత పక్కగోడ నిలువుగా కోసి ఉంది. కింద పసుపు రంగు మట్టి, దాని మీద బూడిద, మీద నల్లటి మన్ను, ఎర్రగా కాలిన మట్టి ముద్దలు, మళ్ళీ బూడిద. నాకు అది ఎన్నో రంగుల దుప్పట్లు మడిచి పెట్టినట్టు కనిపించింది. కిందిది ముందు, పైది వెనక, ఇంతే సూత్రం అన్నాడాయన. అయితే మనుషులు ఆ సూత్రం ప్రకారం బతకరు. గుంతలు తవ్వుతారు, పూడుస్తారు. అప్పుడు కొత్తది పాతదాని లోపలికి దిగుతుంది. ఎలుక బొక్క చేస్తే నిన్నటి గాజుముక్క వేల ఏళ్ళ కిందికి జారిపోతుంది. "అందుకే దొరికిన వస్తువును కాదు చూడాల్సింది. అది కూర్చున్న చోటును చూడాలి. గుంత ఉంటే దాని అంచు ఎక్కడ మొదలైందో వెతకాలి. ఏ పొర నుంచి తవ్వారో అదే దాని వయసు" అన్నాడు. వార్తకు పనికొచ్చే మాట కాదు. అయినా నాకు గుర్తుండిపోయింది.

ఆ ఎండాకాలమంతా వీలు దొరికినప్పుడల్లా పోతూ వచ్చాను. అక్కడ మన్ను మోసేవాళ్ళలో అరవై దగ్గర పడిన ఒకామె ఉండేది. వయసు చూసి సారు ఆమెను జల్లెడ దగ్గర, గుడ్డ పందిరి నీడన కూర్చోమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. తూర్పు పక్క గుంతలోనే పని చేస్తానంది. ఒకరోజు సారు ఆమెను పడమటి గుంతకు పంపితే, పంపినట్టే పోయి, కాసేపటికి మళ్ళీ తూర్పు పక్కనే కనిపించింది. మన్ను గంపకెత్తేముందు చేత్తో కలిపి చూసేది. చిన్న ఎముక కనబడితే ఆగిపోయేది. సారు చూసి "మేక" అనో "కుందేలు" అనో చెప్పిన తర్వాతే గంప ఎత్తుకునేది.

టమోటా రైతు ఆమెను వరస కలిపి అత్తా అని పిలిచేవాడు. "యాలత్తా నీకీ మన్ను మోసే కర్మ? కొడుకు బస్సులో టికెట్లు కొట్టి సంపాదిస్తాండాడు గదా. నీకు సంగటి పెట్టడం లేదా?"

"నీ మడిలో నడుము వంచి కాయలు కోసేదానికన్నా ఇదే మేలు లేరా. ఈ సారు తిట్టడు."

"నేనెప్పుడు తిట్టినా?"

"తిట్టేదానికి నోరు ఖాళీగా ఉంటే గదా. ఎప్పుడూ వక్కాకే."

ఆ కొడుకును ఒకరోజు చూశాను. ఖాకీ చొక్కాతోనే, డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. దిబ్బ మీదికి ఎక్కకుండా కిందనే నిలబడి గట్టిగా అన్నాడు: "అమ్మా, రా ఇంటికి. అందరూ నన్నడగతాండారు, మీయమ్మకు నువ్వు కూడు పెట్టవా అని. నా మానం పోతాంది."

"నువ్వు పో నాయనా. నేను సాయంత్రానికి వస్తా."

"యాల నీకీ పని? చెప్పు, యాల?"

ఆమె గంప దించలేదు. అతను కాసేపు నిలబడి, నా వైపు కూడా కోపంగా చూసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను బస్సు కోసం రోడ్డు మీదికి నడుస్తుంటే ఆమె వెనకే వచ్చింది. అడగకుండానే చెప్పింది. పేపరువాణ్ణని కాదు, ఊరివాణ్ణి కాదని చెప్పి ఉంటుంది. ఊరివాళ్ళకు చెబితే కొడుకు చెవిన పడుతుంది. కొడుకు తనే మొదటి బిడ్డ అనుకుంటున్నాడు. కాదు. అతనికి ముందు ఒక ఆడబిడ్డ పుట్టింది. పేరు పెట్టకముందే, పురిట్లోనే పోయింది. అలా పోయిన పసిబిడ్డలను వాళ్ళు శ్మశానానికి తీసుకుపోరు. కుండలో పెట్టి, మూత వేసి, ఊరి అంచున పూడుస్తారు. దూరంగా పెడితే మళ్ళీ ఆ కడుపుకు రారని నమ్మకం. బాలింత గడప దాటకూడదు కనుక ఆమె పోలేదు. అత్త ఒక్కతే తీసుకుపోయింది.

"యాడ పెట్టినావత్తా అని అడిగితే, దిబ్బకు తూర్పు పక్క అనింది. అంతే. మళ్ళీ అడిగితే ఏడస్తానని చెప్పలేదు. ఇంగ ఎప్పుడూ చెప్పలేదు. ఆమె కూడా పోయింది."

కుండ ఎలాంటిదని అడిగాను. ఆ ప్రశ్న ఎందుకడిగానో అప్పుడు నాకే తెలియదు. సారు మాటలు విని విని అలవాటై ఉంటుంది.

"ఇంట్లో కుండ ఇచ్చేంత యాడుండిందప్పా మాకు? రెండు కుండలుండె. ఒకటి సంగటికి, ఒకటి నీళ్ళకు. దిబ్బలో మన్ను తవ్వేటప్పుడు పాత కుండలు చెడిపోకుండా బయటపడతాండె. అట్లాటిది ఒకటి మాయత్త పశువుల కొట్టంలో పెట్టుకోనుండె, కోళ్ళకు నీళ్ళు పోసేదానికి. దాంట్లో పెట్టి తీసకపోయింది."

ఆ తర్వాత ఆమె కూడా అందరితో పాటు ఆ దిబ్బ మన్ను మోసింది. బండ్లు కట్టినప్పుడల్లా తూర్పు పక్క వద్దని భర్తతో చెప్పించేది. మగవాళ్ళు కారణం అడక్కుండానే, ఏదో పురుగూ పుట్రా ఉంటుందనుకుని ఆ పక్క వదిలేశారు. భర్త పోయాక చెప్పేవాళ్ళు లేరు. ట్రాక్టర్లొచ్చాయి. ఒక ఏడాది ఆమె జబ్బుపడి మదనపల్లె ఆసుపత్రిలో ఉండి తిరిగొచ్చేటప్పటికి తూర్పు పక్క సగం లేదు.

"ఆ సగంలో ఉండిందో, ఈ సగంలో ఉండాదో" అంది. "ఉంటే సూసి, మళ్ళీ యాడన్నా పూడుస్తా. ట్రాక్టరు రాని చోట. అంతే నాయనా నాకు."

బస్సు వచ్చింది. ఎక్కాను. సారుకు చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మరుసటిసారి పోయినప్పుడు చెప్పాను. ఆయన తాపీకి అంటిన మన్నును గోటితో గీకాడు. ఆ పక్కన తవ్వేటప్పుడు ఆమె ఉండగానే తవ్వుదామన్నాడు.

కుండ బయటపడిన రోజు నేనక్కడే ఉన్నాను. ట్రాక్టరు గీకిన అంచుకు జానెడు లోపల, బూడిదలో పక్కకు ఒరిగి పడుకుని ఉంది. మూతి మీద బోర్లించిన గిన్నె. ట్రాక్టరు బరువుకు ఒక పక్క చీలింది. ఆ చీలికలోంచి లోపల సన్నటి ఎముకలు కనబడ్డాయి. పిచ్చుక ఎముకల్లా ఉన్నాయి. గుడ్డుపెంకంత పలచటి తలఎముక ముక్కలు.  జల్లెడ చప్పుడు ఆగిపోయింది. ఆమె గంప బోర్లా వేసి దాని మీద కూర్చుంది. అప్పటికి పల్లె ఆడవాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అయినా అందరికీ అర్థమైంది. ఒకామె వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

"సారూ" అంది ఆమె, "నాదేనా?"

సారు మొహంలో ఆ క్షణాన ఇద్దరు మనుషులు కనిపించారు. ఒకాయన ఎన్నో ఎండాకాలాలుగా ఇలాంటి దాని కోసమే ఎదురుచూస్తున్నవాడు. పాతకాలంవాళ్ళు కూడా పసిబిడ్డలను ఇలాగే కుండలో పెట్టి ఇంటి నేల కింద పూడ్చేవాళ్ళని ఆయన నాకు ముందే చెప్పి ఉన్నాడు. ఇంకొకాయన ఆ గంప మీద కూర్చున్న మనిషిని చూస్తున్నవాడు.

"కుండ పాతదే" అన్నాడు. "కానీ నువ్వు పెట్టింది కూడా పాత కుండే కదమ్మా. కుండ చూసి చెప్పలేను."

"ఎముకలు సూసి?"

"వాటికి పరీక్ష చెయ్యాలంటే ఎక్కడికో పంపాలి. కాల్చి, పొడి చేసి చూస్తారు. ఇంత చిన్నవి మిగలవు."

కాల్చడం, పొడి అన్న మాటలకు ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఆ మాటలు అనాల్సింది కాదనుకున్నాడేమో, తర్వాత చాలా మెల్లగా మాట్లాడాడు. కుండను పెట్టిన గుంత పై అంచు ట్రాక్టరు తీసుకుపోయింది. ఏ పొర నుంచి తవ్వారో చెప్పే ఆ మన్ను ఇక్కడ లేదు. గుంత రెండో సగం మాత్రం మనం తవ్వకుండా వదిలిన గోడలో ఉంది. అక్కడ పై పొరలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ గోడను శుభ్రం చేసి చూస్తే తెలుస్తుందేమో. అంతవరకు కుండను ఎవరూ ముట్టుకోరు.

గోడ ఎండి, అంతా ఒకే బూడిద రంగులో కనిపిస్తోంది. రంగులు తేలాలంటే సన్నగా నీళ్ళు చల్లాలి. టమోటా రైతు ఇంటికి పోయి పైరుకు మందు కొట్టే డబ్బా భుజానికి తగిలించుకుని వచ్చాడు. మందు వాసన పోయేదాకా కడిగానని రెండుసార్లు చెప్పాడు. ఆ రోజు అతను వక్కాకు వేసుకోలేదు.

సారు తాపీతో గోడను సమానంగా కోస్తున్నప్పుడు నేను ఆయన పక్కకు పోయి చిన్నగా అన్నాను: "ఏది తేలినా ఆమెదేనని చెప్పెయ్యచ్చు కదా. తీసుకెళ్ళి పూడ్చుకుంటుంది. ఎవరికి నష్టం?"

"నేనూ అదే ఆలోచిస్తున్నా" అన్నాడు. మళ్ళీ కొంతసేపు గీకాడు. "చెప్పచ్చు. కానీ అది ఆమె బిడ్డ కాకపోతే, ఇంకొకామె బిడ్డను తీసుకెళ్ళి పూడుస్తుంది. జీవితాంతం దాని మీద పసుపు నీళ్ళు పోస్తుంది. ఆమె బిడ్డకు ఎవరూ పొయ్యరు."

ఆ మాట సరైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. 

రైతు నీళ్ళు కొట్టాడు. పొగమంచులా గోడ మీద పడి, మన్ను మెల్లగా నల్లబడింది. రంగులు విడిపోయాయి. కుండ భుజం గోడలోకి దూరిన చోట, దానికి బెత్తెడు పైన, ఒక సన్నటి ఎర్రని గీత కనిపించింది. వేలి మందం కూడా లేదు. దిమ్మిస చేసి, అలికి, మీద మంట పడి ఎర్రబడిన నేల. ఎవరి ఇంటిదో. ఆ గీత అటు నుంచి ఇటు దాకా, కుండ మీదుగా, సమంగా పోయింది.

సారు చూశాడు. నేనూ చూశాను. పొరల గురించి అన్ని రోజులు విన్నవాణ్ణి, నాకు కూడా అర్థమైంది. సారు రైతును ఇంకోసారి నీళ్ళు కొట్టమన్నాడు. అవసరం లేకపోయినా ఇంకోసారి కొట్టించాడు.

ఆమె లేచి వచ్చి గోడ ముందు నిలబడింది.

"ఈ ఎర్రది ఏంది సారూ?"

"ఇంటి నేలమ్మా."

"అలికిన నేలా?"

"ఊఁ."

ఆమె వేలు పెట్టి ఆ గీత వెంబడి, తగలకుండా, గాలిలో జరుపుకుంటూ పోయింది. కుండ దాకా వచ్చి, కుండ దాటి, ఆ చివరి దాకా. మళ్ళీ వెనక్కి వచ్చింది. "మా ఇంట్లో రోలు పాతినప్పుడు నేల తవ్వి మళ్ళీ అలికినాం. ఎన్నిసార్లు అలికినా ఆ అతుకు కనపడతానే ఉండె" అంది. తర్వాత అడిగింది: "దీనికి అతుకు లేదు గదా?"

సారు లేదన్నాడు.

"అయితే బిడ్డను పెట్టినాక అలికినారు. దాని మింద ఎవరో కాపురం చేసినారు."

"అవునమ్మా."

"మాయత్త పెట్టింటే ఈ నేల తెగిపోయుండాల."

సారు తల ఊపాడు.

ఎవరూ ఏడవలేదు. ఆమె పక్కకు తిరిగి టమోటా రైతును అడిగింది, మామూలుగా, బజారులో రేటు అడిగినట్టు: "ఒరే, ట్రాక్టరు పెట్టి ఈ పక్క మన్ను తోలినారే. ఎవరి మళ్ళోకి తోలినారు?"

అతను డబ్బా పట్టీ సరిచేసుకున్నాడు. డబ్బాను భుజం నుంచి దించి కింద పెట్టాడు. "అత్తా" అన్నాడు. కొంతసేపటికి, "నా మడికేనత్తా. రోడ్డు పక్కది" అన్నాడు.

"నేను కాయలు కోసిన మడి."

అతను మడి వైపు చూశాడు.

ఆమె గుంతలోంచి పైకొచ్చి, చేతులు దులుపుకుని, కుండలోని ఎముకల వైపు ఇంకోసారి చూసింది. "ఇది కూడా ఎవరో ఒక తల్లి బిడ్డే గదా సారూ. దీన్ని పెట్టెలో పెట్టుకోని యాల తీసకపోతారు?" అని అడిగింది. సారు ఏదో చెప్పాడు. ప్రభుత్వం అనుమతి, చరిత్ర, భద్రం, అలాంటి మాటలు. ఆయన చెప్పినంతసేపూ విని, తన గంప తీసుకుని ఊళ్ళోకి పోయింది. మరుసటి రోజు పనికి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. గోడ ఆ రోజు మధ్యాహ్నానికల్లా ఎండిపోయి, ఎర్ర గీత మళ్ళీ బూడిదలో కలిసిపోయింది.

నేను వార్త రాశాను. దిబ్బలో ప్రాచీన కాలపు శిశు సమాధి బయటపడిందని, నేల పొర చెదరలేదు కనుక కాలం విషయంలో అనుమానం లేదని అధ్యాపకుడు చెప్పారని రాశాను. అందులో అబద్ధం లేదు. ఆమె సంగతి లేదు. ఆమె చెప్పుకోవాల్సిన సంగతి అది. కొడుక్కు కూడా చెప్పనిది ఊరంతా చదివే పేపరులో పెట్టడానికి నేనెవరిని? ఫొటో బాగుందని డెస్కువాళ్ళు జిల్లా పేజీలో పైన వేశారు.

తర్వాతి ఏడాది వర్షాలు లేవు. ఆ తర్వాతి ఏడాదీ లేవు. తాగునీళ్ళ ట్యాంకర్ల వార్తల కోసం ఆ దారిలో తరచూ తిరిగేవాణ్ణి. రోడ్డు పక్క మడి దున్నినప్పుడల్లా ఆమె మడక వెనకాల, తర్వాత ట్రాక్టరు వెనకాల, వంగి నడుస్తూ కనిపించేది. దుక్కిలో పైకి తేలిన పెంకులు ఏరి కొంగులో వేసుకుని గట్టు మీద కుప్ప పోసేది. ఏది ఏ కుండదో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె బిడ్డను పెట్టిన కుండ పెంకులు వాటిల్లో ఉన్నాయో లేదో, ఉంటే ఏవో, సారుకైనా తెలిసే దారి లేదు. ఆమెకూ ఆ సంగతి తెలుసు. అన్నీ ఏరేది. రైతు అడ్డు చెప్పలేదు. దున్నే ముందు రోజు మనిషిని పంపి ఆమెకు కబురు చేసేవాడని తర్వాత విన్నాను.

ఒకసారి పుంగనూరు బస్సులో ఆమె కొడుకే కండక్టరు. నన్ను గుర్తుపట్టి టికెట్ కొట్టి, సీటు అంచున ఆనుకుని నిలబడ్డాడు. "మీరొచ్చి తవ్వినప్పటి నుంచి మాయమ్మకు పెంకుల పిచ్చి పట్టిందప్పా. ఏందో ఏరతాది, ఏందో కుప్పేస్తాది. నిధి ఉండాదని ఎవరన్నా చెప్పినారా ఆమెకు?"

"నిధి లేదు" అన్నాను.

"అదే నేనూ చెప్తాండా. నా మాట ఇంటాదా?" అని, ముందు స్టేజీ వచ్చిందని అరుచుకుంటూ పోయాడు.

ఆమె ఒక చలికాలంలో పోయింది. నాకు తెలిసేటప్పటికి నెల దాటింది. కొడుక్కు చెప్పిందో లేదో తెలియదు. చెప్పలేదనే అనుకుంటాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు నన్ను కుప్పానికి మార్చారు. గ్రానైట్ లారీలు, సరిహద్దు చెక్‌పోస్టులు, అరవం కన్నడం తెలుగు కలిసిన గొడవలు. సారు అప్పటికి తవ్వడం మానేశాడు. జుట్టు నెరిసింది. ఒక సాయంత్రం తన గదికి తీసుకుపోయి బీరువా తెరిచాడు. అద్దం వెనక ఆ కుండ ఉంది. చీలిక అతికించారు. పక్కన చిన్న పెట్టె. అట్టముక్క మీద తూర్పు గుంత, పొర, లోతు, చెదరని నేల కింద అని రాసి ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

మాటల్లో గట్టు మీది పెంకుల కుప్ప సంగతి చెప్పాను. ఆయన చూడలేదు, వినలేదు. ఆ ఎండాకాలం తర్వాత ఆ పల్లెకు మళ్ళీ పోలేదట. ఎంత ఎత్తుందని అడిగాడు. మోకాలెత్తు అన్నాను. పెంకులు రకరకాలా అన్నాడు. అన్ని రకాలూ ఉన్నాయన్నాను. బీరువా తలుపు వేసి, తాళం చెవి చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"మీకేమీ తెలియకుండా ఆ కుప్ప దగ్గరికి పోయుంటే, దాన్ని చూసి ఏం రాసేవాళ్ళు?" అని అడిగాను.

 బయట బెంగళూరు రైలు కూత వినిపించింది, ఆగింది.

"పొలం దున్నుకోవడానికి అడ్డమని రైతు పెంకులు ఏరి గట్టున పడేశాడని రాసేవాణ్ణి" అన్నాడు. "ఇంకేం రాస్తాను?"

ఆ మడిని ఇళ్ళ స్థలాలకు అమ్మేశారని పుంగనూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఈమధ్య చెప్పారు. గట్లన్నీ చదును చేసి, మీద గ్రావెల్ తోలి, రాళ్ళు పాతారట. ఆ మాట నేను సారుకు చెప్పలేదు.